మునిగిపోయిన దొరని బతికించిన సంగతి

తెర మీద బొమ్మలకి ఇంకా మాటలు రాని కాలంలో, ఒక మాఘమాసమంతా వాటి బదులు నేను మాట్లాడాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. మా ప్రాంతం ఇంకా గంజాం జిల్లాలోనే ఉండేది. పుట్టింది టెక్కలిలో అయినా, ఉద్యోగం పలాసకి రెండు కోసుల దూరాన, కొబ్బరితోటల మధ్య ఉన్న ఒక ఉద్దానం ఊళ్లో. ఎలిమెంటరీ స్కూలుకి నేనొక్కణ్ణే మాస్టర్ని.

ఆ ఏడు వరికోతలు అయ్యాక పలాస స్టేషను దగ్గర మైదానంలో బయస్కోపు డేరా దిగింది. దాని యజమాని బరంపురం వైపు మనిషి. యంత్రం చేత్తో తానే తిప్పేవాడు. బొమ్మకీ బొమ్మకీ మధ్య తెర మీద ఇంగ్లీషు అక్షరాలు పడేవి. వాటిని తెలుగులో చెప్పడానికి తెర పక్కన ఒక మనిషి బెత్తం పట్టుకుని నిలబడేవాడు. ఆ మనిషికి చలిజ్వరం వచ్చి రైలెక్కి వాళ్లూరు వెళ్లిపోయాడు. నేను బొమ్మ చూద్దామని వెళ్లిన సాయంత్రం యజమాని డేరా గుమ్మంలో నిలబడి, "ఇంగ్లీషు సదివినోలు ఎవలైనా ఉన్నారా బాబా?" అని అరుస్తున్నాడు.

నేను చెయ్యెత్తాను. మెట్రిక్యులేషన్ పరీక్షకి వెళ్లానన్నాను. ఎన్నిసార్లు తప్పానో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

మొదటి రోజు నా పాండిత్యమంతా చూపించాను. తెర మీద ఒక తెల్లపిల్ల కిటికీ దగ్గర నిలబడి ఏడుస్తోంది. తరవాత పడిన అక్షరాలు రెండే ముక్కలు. నేను బెత్తం పైకెత్తి, "హా ప్రాణేశ్వరా! నీ విరహాగ్నిచే దహింపబడుచున్న ఈ అబలను కరుణింపవా!" అన్నాను. ముందు వరసలో చుట్ట కాలుస్తున్న రైతొకాయన లేచాడు.

"మేస్టరుబాబూ, ఆ గుంట ఏటంతన్నాది?"

"అతను రాలేదని ఏడుస్తోంది."

"మరి అలగ సెప్పాల గానీ, దహింపబడుట ఏటి? కొంప అంటుకున్నాదేమోనని పొగ కోసం ఎతుకుతన్నాం."

డేరా అంతా నవ్వింది. యజమాని కూడా యంత్రం ఆపి మరీ నవ్వాడు. ఆ సిగ్గుతో రాత్రి సరిగ్గా తిండి సహించలేదు. మర్నాడు అదే పిల్ల, అదే కిటికీ. నేను గొంతు తగ్గించి, "ఓలమ్మా, పొద్దున్నంగా ఎల్లినోడు ఇంకా రానేదు. గంజి సల్లారిపోనాది. ఏటయిపోనాడో ఏటో" అన్నాను. ముందు వరసలో ఎవరో "అయ్యో" అన్నారు. వెనక నుంచి ఒకామె, "వచ్చీత్తాడులేమ్మా, ఏడవకు" అంది. ఆ "అయ్యో" విన్నాక నాకు కల్లు తాగినంత మత్తెక్కింది. ఇక మరి ఆగలేదు. తెర మీద ఒక్క ముక్క పడితే నేను పది ముక్కలు చెప్పేవాణ్ణి. అక్షరాలు పడకపోయినా చెప్పేవాణ్ణి. దొరసానులు నా నోట పలాస సంత మాటలు మాట్లాడేవారు, దొరలు మా టెక్కలి తిట్లు తిట్టుకునేవారు.

రెండో వారంలో కొత్త బొమ్మ వచ్చింది. సముద్రం ఒడ్డున ఒక ముసలి తల్లి, ఆమెకి ఒక్కడే కొడుకు. అతను వేటకి వెళ్లి చేపల బుట్టతో తిరిగొస్తే తల్లి పరిగెత్తుకొచ్చి కావలించుకుంటుంది. అదీ మొదటి రీలు. తరవాత అతనికి ఒక పిల్లతో మనసు కలుస్తుంది, పెళ్లి మాటలవుతాయి, ఇంతలో తుపాను వస్తుంది. కొడుకు సముద్రంలో పోతాడు. నల్లబట్టలు కట్టుకున్న తల్లి ఒడ్డున నిలబడి ఉండగా బొమ్మ అయిపోతుంది.

ఆ రోజు సంత. ఎండుచేపలు అమ్ముకోవడానికి తీరం ఊళ్ల ఆడవాళ్లు చాలామంది పలాస వచ్చారు. వాళ్లలో ఒక పెద్దామె నాకు బాగా తెలుసు. మా ఊరికి కూడా బుట్ట తెచ్చేది. బక్కమనిషి, గొంతు మాత్రం రెండు కోసులు వినిపిస్తుంది. సంతయ్యాక తన కొడుకుని, తోటి ఆడవాళ్లని వెంటబెట్టుకుని డేరాకి వచ్చి నా ఎదురుగానే కూర్చుంది. కొడుకు ముప్ఫై ఏళ్ల మీసాల మనిషి, గుమ్మంలోంచి తల వంచి రావలసినంత పొడుగు.

బొమ్మ మొదలైన కాసేపటికే ఆమె అడిగింది. "మేస్టరుబాబూ, దొరలు కూడా సేపలు పడతారేటి?"

"పడతారు పెద్దమ్మా."

"ఆ వల సూడు. మా వల నాగే సిరిగిపోనాది. పాపం, దొరయ్యుండీ!"

అంతే. ఆ క్షణం నుంచి డేరా మొత్తం ఆ దొర పక్షాన చేరిపోయింది. అతను వల బాగుచేస్తుంటే, ముడి అలా వెయ్యకూడదని మగవాళ్లు కేకలేశారు. పిల్ల సిగ్గుపడితే ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

తుపాను వచ్చింది. తెర మీద పడిన మాట ఒక్కటే, తుపాను అని. నేను ఆ ఒక్క మాటనీ పట్టుకుని రీలు అయ్యేదాకా వదల్లేదు. తల్లి గొంతు పెట్టి, మా తీరం ఆడవాళ్లు ఎలా రాగం తీస్తారో అలా తీశాను. "ఓ నాయినా, ఎల్లొద్దంటే ఇన్నావుకాదు నాయినా, నీకోసరం కూడొండి ఉట్టి మీదెట్టినాను నాయినా" అని. ఉట్టి మాట ఎత్తేసరికి డేరాలో ఏడుపు కట్టలు తెగింది. పెద్దామె కొడుకు మణికట్టు పట్టుకుంది.

"అమ్మా, సెయ్యొగ్గు, నొప్పెడతంది."

"నోర్ముయ్యి. నీకు సముద్రమంటే బయం నేదు."

బొమ్మ అయిపోయాక కూడా ఆమె ఆ చెయ్యి వదలకుండానే ఇంటికి నడిపించుకుపోయింది. యజమాని వచ్చి ఒరియాలో అవునవునంటూ నా వీపు తట్టాడు. "హవు హవు, ఇంతమంది ఏడ్సినారంటే రేపు డేరా సాలదు." నేను నేల మీద నడవలేదు ఆ రోజు. ఇంత గొప్పవాణ్ణి స్కూల్లో ఎక్కాలు చెప్పుకుంటున్నానేమిటా అనిపించింది.

నాలుగో రోజు పొద్దున్న పదమూడో ఎక్కం చెప్పిస్తుండగా నలుగురు జాలర్లు బడి గుమ్మంలో నిలబడ్డారు. ముందున్నది ఆ మీసాల కొడుకు. పిల్లలు ఎక్కం ఆపేశారు.

"మేస్టరుబాబూ, మీరు సేసిన పని ఏటీ బాగోనేదు" అన్నాడు.

"నేనేం చేశాను?"

"ఆ దొరని సంపీసినారు."

"నేను చంపడమేమిటి? తుపానులో పోయాడు."

"తుపానులో అమ్మ ఏడుపు ఎవలేడిసినారు? మీరే గదా. ఆ రోజు కాడినుంచి మాయమ్మ తెప్ప మీద కూకున్నాది. దిగమంటే దిగదు. ఆయమ్మని సూసి ఆలమ్మ, ఈలమ్మ, అందరూ ఎవలి తెప్ప మీద ఆలెక్కి కూకున్నారు. గంజి కూడా అక్కడికే తెప్పించుకుంతన్నారు. సముద్రం సూత్తే కంచంలో నీల్లలాగున్నాది. సేపలు ఎగిరెగిరి మమ్మల్ని ఎక్కిరిత్తన్నాయి."

నాకు నవ్వొచ్చింది. వాళ్ల మొహాలు చూసి మింగేశాను.

"మరి ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?"

"దొరని బతికించీండి."

"ఓరి నాయనా, అది ఉత్త బొమ్మ!"

"బొమ్మే గదా. బతికించడానికి మీకేటి కట్టం?"

నలభైమంది పిల్లలు నా వంక చూస్తున్నారు, నేనేం చెబుతానా అని. సరే, ఇవాళ సాయంత్రం అమ్మలందరినీ డేరాకి తీసుకురండి, దొర బతుకుతాడని చెప్పండి అన్నాను. ఎలా బతుకుతాడో నాకూ తెలీదు. మధ్యాహ్నం బడి వదిలేసి పలాస పరిగెత్తాను.

యజమాని ముందు ససేమిరా అన్నాడు. బొమ్మ ఎవరో తీశారు, మనమెవరం మార్చడానికి అన్నాడు. తీసినవాళ్లు ఉద్దానం వచ్చి చూస్తారా అన్నాను. ఆ మాట ఆయనకి నచ్చింది. ఇద్దరం రీళ్ల డబ్బాలు ముందేసుకుని కూర్చున్నాం. కొడుకు ఒడ్డుకి రావడం, తల్లి కావలించుకోవడం ఉన్నది మొదటి రీల్లోనే. దాన్ని మొదట్లో తీసేసి చివర్న వేస్తే? "మాస్టర్‌బాబు, నువ్వు బడిలో ఉండవలసినోడివి కాదు" అన్నాడు యజమాని. పొగిడాడో తిట్టాడో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ సాయంత్రం తీరం ఊరు ఊరంతా దిగింది. పెద్దామె మళ్లీ నా ఎదురుగానే. కళ్లు వాచి ఉన్నాయి. తుపాను వచ్చింది. ఈసారి నేను గొంతు పెంచలేదు, రాగం తియ్యలేదు. తల్లి నల్లబట్టల్లో ఒడ్డుకి వచ్చింది. "కొడుకు తిరిగొచ్చీదాకా నల్లకోకే కడతానని గంగమ్మతల్లికి మొక్కుకున్నాది" అన్నాను. ఆడవాళ్లు తలలాడించారు. మొక్కు అంటే వాళ్లకి తెలియనిదేముంది!

రీలు మార్చారు. చేపల బుట్టతో కొడుకు ఒడ్డున దిగాడు. "అదిగో వచ్చీసినాడు!" అన్నాను. డేరా లేచి నిలబడింది. తల్లి తెల్లబట్టల్లో పరిగెత్తుకొచ్చింది. "మొక్కు తీరిపోనాది, నల్లకోక ఇప్పీసింది" అన్నాను. ఎవరో ఈల వేశారు. పెళ్లి మాటలైన పిల్ల ఎదురుపడి, అతన్ని ఎన్నడూ చూడనట్టే పక్కకి తిరిగింది. మొదటి రీల్లో ఆ పిల్లకి అతను ఇంకా పరిచయం కాలేదు. "అలిగినాది" అన్నాను. "ఇన్నాల్లు కబురు నేకపోతే ఎవలలగరు?" మగవాళ్లంతా నవ్వారు.

గండం గడిచిందనుకుంటుండగా వెనక నుంచి ఒక గొంతు లేచింది.

"ఒరే బామ్మర్దీ! ఇది మొదటి రీలు కదరా!"

మా బావ. మా అక్క మొగుడు. నౌపడ స్టేషన్లో గుమాస్తా. పనిమీద పలాస వచ్చి, నేను తెర పక్కన బెత్తం పట్టుకుని నిలబడతానని ఎవరో చెబితే చూడ్డానికి వచ్చాడు. ఈ బొమ్మ బరంపురంలో అప్పటికే చూసేశాడు.

"నేను సూసినాను కదరా. ఆడు సచ్చిపోనాడు. ఇది మొదట్లో ముక్క. అదే సొక్కా, అదే బుట్ట, అయ్యే సేపలు!"

అంతవరకు ఎన్ని మాటలు కల్పించానో, అవసరానికి ఒక్కటీ దొరకలేదు. యంత్రం మాత్రం గిరగిర తిరుగుతూనే ఉంది. అప్పుడు పెద్దామె లేచి వెనక్కి తిరిగింది.

"ఎవలు బాబూ నువ్వు? తెప్పెక్కీవోడికి ఎన్ని సొక్కాలుంటాయి? నా కొడుక్కీ ఒకటే సొక్కా. అది సూసి ఈడు నిన్నటోడు, ఈడు ఇయాలోడు కాదంతావేటి?"

"కాదమ్మా, నేను బరంపురంలో..."

"కన్నతల్లి ముట్టుకుని మరీ సూత్తన్నాది. ఆయమ్మకి తెలీనిది నీకు తెలిసిందేటి? కూకో!"

మా బావ జీవితంలో మా అక్క చెబితే తప్ప కూర్చోలేదు. ఆ రోజు కూర్చున్నాడు. మర్నాడు తెల్లారకుండానే తెప్పలన్నీ సముద్రంలోకి దిగాయని మా బడి పిల్లలు కబురు తెచ్చారు. బావ మాత్రం ఇంటికెళ్లి, నేను జనాన్ని మోసం చేస్తున్నానని మా అక్కతో చెప్పాడట. "పోనోడు తిరిగొచ్చీత్తే నీకేటి నొప్పి?" అందట మా అక్క. ఏడాదిపాటు బావ నాతో సరిగ్గా మాట్లాడలేదు.

వారం తరవాత పెద్దామె ఎండుచేపల బుట్టతో మా గుమ్మంలోకి వచ్చింది. బుట్ట దించి, కొంగుతో మొహం తుడుచుకుని, నెమ్మదిగా అంది.

"మేస్టరుబాబూ, మొదటి ముక్కే సివర్న ఏసినావు గదూ?"

"నీకు తెలుసా?"

"నాకేటి, డేరాలో ఉన్నోలందరికీ తెలుసు. ముందొకపాలి సూసినోలమే గదా."

"మరి మా బావని అందరి ముందూ అలా కేకలేశావేం?"

"ఆ బాబు అలగ అరవకూడదు. మేం నమ్ముదామనే గదా వచ్చి కూకున్నాం." ఆమె నడుం మీద చెయ్యేసుకుని నవ్వింది. "నాలుగు రోజులు తెప్ప మీద కూకుంటే నడుం పట్టీసినాది బాబూ. పంతానికి ఎక్కినాను. దిగడానికి ఏదో ఒకటుండాల గదా మరి."

అప్పటిదాకా వాళ్లని ఏడిపించింది నేనే, నవ్వించింది నేనే అనుకుంటున్నాను. ఆమె నాలుగు వంజరం ముక్కలు తీసి అరుగు మీద పెట్టి, "ఆ ఉట్టి మీద కూడు మాట మాత్రం బాగా సెప్పినావు" అని బుట్ట నెత్తికెత్తుకుంది.

నెల తిరిగేసరికి డేరా ఇచ్ఛాపురం వైపు వెళ్లిపోయింది. యజమాని నన్ను కూడా రమ్మన్నాడు. నేను వెళ్లలేదు. వెళ్లే రోజున ఆయన రీళ్ల డబ్బాల మీద అంకెలు చెరిపి, మేము వేసిన వరసలోనే మళ్లీ రాసుకున్నాడు. ఆ లెక్కన ఆ దొర ఎన్ని ఊళ్లలో బతికాడో నాకు తెలీదు.

చాలా ఏళ్ల తరవాత, బొమ్మలకి మాటలు వచ్చాక, మా ఆవిడతో కలిసి బరంపురం వెళ్లి మొదటిసారి టాకీ చూశాను. తెర మీద ఒక తల్లి కొడుకు కోసం ఎదురుచూస్తోంది. ఆమె తన మాటలు తానే చెప్పుకుంటోంది. మరీ పొడిపొడిగా చెబుతోందనిపించింది నాకు. ఇంతలో మా ఆవిడ మోచేత్తో నన్ను పొడిచింది. ముందు బెంచీ మీద కూర్చున్న ఒకామె అప్పటికే వెనక్కి తిరిగి నన్ను చూస్తోంది.

"బాబూ, ఆయమ్మే సెప్తన్నాది గదా. నువ్వు ఊరుకో" అంది.