సుక్క సేప పడిన గురువారం

అప్పలసూరి గాలి వాసన చూసి చేపల జాడ చెప్పేస్తాడని కళింగపట్నం పక్కనున్న ఆ పల్లెలో ఒక పేరుండేది. అందులో సగం గొప్పేనని అతనే ఒప్పుకునేవాడు. "వాసనా నేదు, గీసనా నేదు. పిట్టలు ఎటెల్తన్నాయో సూస్తాను, అంతే" అని నవ్వేవాడు. మీసం మొలవకముందు తండ్రితో తెప్ప ఎక్కినవాడు, యాభై దాటినా వేటకి ఒక్క పొద్దు తప్పినవాడు కాదు. భార్య కూర్మమ్మ అతను తెచ్చిన చేపల్ని గంపకెత్తుకుని శ్రీకాకుళం వీధుల్లో అమ్మేది. ఆయన తేవడం, ఆవిడ అమ్మడం. వాళ్ళ కాపురం అలా నడిచింది.

రెండువేల పదహారు వేసవిలో, చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు వేట ఆపేసిన రోజుల్లో, అతను ఇంటి గుమ్మంలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. నోట్లో చుట్ట జారి ఒళ్ళో పడింది. తీద్దామంటే కుడిచెయ్యి లేవలేదు. కూర్మమ్మని కేకేద్దామంటే మాట ముద్దగా వచ్చింది. పక్కింట్లోంచి కూర్మమ్మ అన్న గంగులు పరుగెత్తుకొచ్చి, లుంగీ కాలుతున్న చోట నీళ్ళు కొట్టి, బావని భుజాన వేసుకుని ఆటో ఎక్కించాడు. శ్రీకాకుళంలో ప్రాణం నిలబెట్టారు. కొన్నాళ్ళకి మాట తేరుకుంది. కాలు ఈడ్చుకుంటూ కర్ర సాయంతో నాలుగడుగులు వేయగలిగాడు. కుడిచెయ్యి మాత్రం ఎవరిదో తెచ్చి తగిలించినట్టు వేలాడుతూ ఉండిపోయింది.

ఇంటికొచ్చాక అతను చేసిన మొదటి పని, సముద్రం వైపు వసారాలో ఉన్న తన మంచాన్ని పెరటివైపు వేయించుకోవడం. అక్కణ్ణుంచి చూస్తే పక్కింటి గోడా, ఆ గోడ మీద ఆరేసిన బట్టలూ తప్ప ఏమీ కనబడవు.

"సముద్రం గాలైనా తగల్నీ మావా" అంది కూర్మమ్మ.

"ఆ గాలి నాకేల? ఏటకెల్లినోడికి కావాల అది" అన్నాడు, గోడ వైపు తిరిగి.

కూర్మమ్మ ఎవరేం చెబితే అది తెచ్చింది. పసరు తెచ్చింది. పావురం రక్తం మంచిదంటే అదీ తెచ్చి చేతికి మర్దనా చేసింది. గంప ఎత్తే ముందు అతనికి ఒళ్ళు తుడిచేది, గంప దింపాక కాళ్ళు పట్టేది. గంగులు బోటు వచ్చిన ప్రతిసారీ గుమ్మంలో కూరకి చేపలు పెట్టి, బావ ముఖం చూస్తే ఏడుపొస్తుందని పలకరించకుండానే వెళ్ళిపోయేవాడు.

అలాంటి రోజుల్లో వచ్చింది గ్లోరీ. నరసన్నపేట అమ్మాయి. తల్లి జ్ఞానసుందరి అక్కడ కుట్టుమిషను పెట్టుకుని బతుకుతూ కూతుర్ని చదివించింది. పక్షవాతం వచ్చినవాళ్ళ చేత కాళ్ళూ చేతులూ ఆడించే చదువది. మిషనరీ ఆసుపత్రి వ్యాను గురువారం గురువారం సముద్రం ఒడ్డు పల్లెలకి వచ్చేది. అందులో గ్లోరీ దిగేది. అప్పలసూరి చేతిలో ఒక రబ్బరు బంతి పెట్టి, "దీన్ని నొక్కాలి బాబాయ్" అంది.

అతను బంతిని చూశాడు, పిల్లని చూశాడు. "నానేటి సిన్నపిల్లోడినా తల్లీ, బంతాడుకోడానికి?" అని దాన్ని మంచం కిందికి దొర్లించేశాడు.

మరుసటి గురువారమూ అంతే. ఆమె చెయ్యి పట్టుకుని వంచితే వంచనిచ్చేవాడు, చాచితే చాచనిచ్చేవాడు. తనంతట తాను ప్రయత్నం చేయమంటే గోడ వైపు తిరిగేవాడు. అయినా ఆమె రావడం మానలేదు.

ఆ వానాకాలంలో కుర్రకారుకి ఒక ఆట పట్టుకుంది. ఫోను పట్టుకుని వీధుల్లో తిరుగుతుంటే, తెరమీద ఆ వీధిలోనే బొమ్మ జంతువులు కనబడతాయి. తెరమీదున్న బంతిని వేలితో పైకి తోసి, వాటి మీదికి విసిరి పట్టుకోవాలి. కొన్ని చెరువుల దగ్గరే దొరుకుతాయట, కొన్ని సముద్రం దగ్గరే. గ్లోరీకీ ఆ పిచ్చి పట్టింది. వ్యాను తిరిగొచ్చేలోపు కాస్త తీరిక దొరికితే ఒడ్డుకి పోయి వెతుక్కునేది.

ఒక గురువారం అప్పలసూరి పెరటి మూలకి నడిచి నిలబడ్డాడు. రెండిళ్ళ సందులోంచి, చూడకూడదనుకున్న సముద్రం ఇంత ముక్క కనబడింది. ఆ ముక్కలో గ్లోరీ ఉంది. ఫోను ముఖానికి ఎదురుగా పెట్టుకుని, అలల్లోకి అడుగు తర్వాత అడుగు వేస్తోంది. సరిగ్గా అక్కడే వానాకాలంలో ఇసక కింద లోతుగా కోసుకుపోతుందని ఆ పల్లెలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు.

"తల్లీ! అక్కడ గుంటున్నాది!" అని అరిచాడు. గాలి హోరులో ఆ అరుపు ఇల్లు కూడా దాటలేదు. కూర్మమ్మ ఊళ్ళో లేదు. కేకేద్దామంటే ఎవరూ కనబడలేదు. కర్ర పట్టుకుని బయల్దేరాడు. ఇసకలో కర్ర దిగబడింది, కాలు ఈడ్చింది. ఒకచోట పడి, ఎడంచేత్తో తోసుకుని లేచాడు. వెళ్ళి, ఆమె చున్నీ అంచు దొరకపుచ్చుకుని వెనక్కి లాగాడు.

"సచ్చిపోతావేటే పిల్లా! కళ్ళేటి పోనుకి అద్దెకిచ్చీసినావా?"

గ్లోరీ ఉలిక్కిపడి వెనక్కి వచ్చింది. తను నిలబడిన చోట అల వెనక్కి పోగానే ఇసక గోతిలా జారిపోవడం చూసి ఇంకో రెండడుగులు వెనక్కి వేసింది. అప్పుడు అతని కర్ర వైపు చూసి అంది, "బాబాయ్, ఇంతదూరం నడిచొచ్చీసారు."

అప్పుడు చూసుకున్నాడతను, తను ఎక్కడున్నాడో. కాళ్ళ మీదికి నీళ్ళు వస్తున్నాయి. ఎన్నాళ్ళో ముఖం తిప్పుకున్న సముద్రం ఏ కోపమూ లేకుండా చీలమండలు తడిపి పోతోంది. ఏడుపొచ్చింది. దాచుకోడానికి గట్టిగా కసిరాడు, "ఇంతకీ ఏటుందక్కడ?"

ఆమె ఫోను చూపించింది. తెరమీద ఇదే ఒడ్డు, ఇదే నురగ. వాటి మీద గోధుమరంగు చుక్క ఒకటి, ఐదు కొమ్మలతో, నడుమ ఎర్రటి రాయితో, గిర్రుగిర్రున తిరుగుతోంది.

"సుక్క సేప!" అన్నాడు అప్పలసూరి. "దీని కోసమా ప్రేణం మీదికి తెచ్చుకున్నావు? మా వలలో రోజూ పడతాయే ఇవి. ఎవుడు కొంటాడు? తిరిగి నీళ్ళల్లోకి ఇసిరెస్తాం."

"నాకు ఒక్కటీ పడలేదు. దీనికి కొమ్మ తెగిపోయినా మళ్ళీ మొలుస్తాదట. నడుమ రాయి బాగుంటే చాలట."

"నిజం సుక్కకీ మొలుస్తాది. నాలుగు పెద్దవీ ఒకటి సిన్నదీ ఉన్నవి సూసాను." ఆమె ఏదో అనబోతోందని కనిపెట్టి ముందే అన్నాడు, "నాను సుక్క సేపని కాదు. ఆ కబుర్లు సెప్పకు."

గ్లోరీ పకపకా నవ్వింది. బంతి విసిరింది, తప్పింది. మళ్ళీ విసిరింది, మళ్ళీ తప్పింది. నలభై ఏళ్ళు వల విసిరిన మనిషికి అది చూస్తూ ఊరుకోవడం చేతకాలేదు. "అలాగ్గాదు! అది తిరిగి ఇటొచ్చినప్పుడు ఇసరాల. ఇటియ్యి" అని ఎడంచెయ్యి చాచాడు.

ఆమె ఫోను వెనక్కి లాక్కుంది. "కుడిచేత్తో అయితేనే ఇస్తాను."

"అది సచ్చిన సెయ్యి."

"బొటనేలు చాలు బాబాయ్. ఫోను నేను పట్టుకుంటాను."

అతని కుడిచెయ్యి ఎత్తి, బొటనవేలు తెరమీద ఆనించింది. అతను పళ్ళు బిగించాడు. భుజం వణికింది, మెడనరాలు పొంగాయి. వేలు కదల్లేదు. తెరమీద చుక్క కాసేపు తిరిగి మాయమైపోయింది. "పోయింది దొంగముండ" అన్నాడు అప్పలసూరి. కానీ ఈసారి గోడ వైపు తిరగడానికి అక్కడ గోడ లేదు. "వచ్చే గురారం మల్లీ వస్తాదేటి?" అని అడిగాడు.

ఆ సాయంత్రం కూర్మమ్మ గంప దించేసరికి మొగుడు పెరట్లో నేలమీద కూర్చుని ఉన్నాడు. ముందు చింతపిక్కలు చల్లుకుని, బొటనవేలితో ఒక పిక్కని తోయాలని చూస్తున్నాడు. చెమటలు కారుతున్నాయి. మంచం కిందున్న రబ్బరు బంతి కూడా బయటికొచ్చింది.

"ఏటి మావా ఇది?"

"సుక్క సేపని పట్టాల" అన్నాడు తలెత్తకుండా.

మనిషికి మతి కూడా పోయిందేమోనని ఆమె భయపడింది. గురువారం గ్లోరీ వచ్చి చెబితే గానీ కుదుటపడలేదు. తర్వాత తనే అడగడం మొదలుపెట్టింది, పొయ్యి దగ్గర కూర్చుని, "వేలు ఆడిందా?" "ఇంకా నేదు." "ఇప్పుడో?" "ఊరుకోవే, సేపలు బెదిరిపోతాయి."

కొన్ని గురువారాలు చుక్క కనబడలేదు. కొన్నిసార్లు కనబడింది గానీ వేలు జారిపోయింది. ఒకసారి బంతి కాస్త దూరం పోయి తెరమీది నీళ్ళలో పడింది. అది తగలకపోయినా అప్పలసూరి కేరింతలు కొట్టాడు, పోవడమంటూ పోయింది కదా. పల్లెలో మగాళ్ళు మొదట వెక్కిరించారు. "సూరి మావ పోనులో ఏటకెల్తన్నాడ్రా" అనేవారు. తర్వాత్తర్వాత గురువారం మధ్యాహ్నానికి వలలు పక్కనపెట్టి ఒడ్డుకి చేరడం మొదలుపెట్టారు.

చలిగాలి తిరిగాక ఒక గురువారం పడింది. గ్లోరీ ఫోను పట్టుకుంది, అతని మోచేతి కింద కూర్మమ్మ చెయ్యి వేసింది. చుక్క తిరుగుతూ తిరుగుతూ ఇటు వచ్చిన క్షణాన బొటనవేలు సర్రున పైకి జరిగింది. బంతి ఎగిరి చుక్కని మింగేసి, కిందపడి, ఊగి ఊగి ఆగిపోయింది.

"పడింది!" అని గ్లోరీ గంతేసింది. ఒడ్డంతా ఈలలు. గంగులు, ఇన్నాళ్ళూ బావ ముఖం చూడలేకపోయినవాడు, వచ్చి అతన్ని కావలించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అప్పలసూరి తెరనే చూస్తున్నాడు. "తల్లీ, నీళ్ళు నేకుండా సచ్చిపోదేటి అది? పడిందని సూసుకున్నాం గదా, నీళ్ళల్లోకి ఒగ్గీ."

"చావదు బాబాయ్. దీనికి మనం పేరు కూడా పెట్టొచ్చు" అని ఆమె దానికి సూరి అని పేరు రాసి చూపించింది. అతనికి చదవడం రాదు. కూర్మమ్మకీ రాదు. గంగులు కూడబలుక్కుని చదివి వినిపించాడు.

వేలు కదిలాక మిగతా వేళ్ళు ఒక్కొక్కటే, బతిమాలించుకుని, దారికొచ్చాయి. చెయ్యి మొత్తం మునుపటిలా రాలేదు. లోతుకి వేటకెళ్ళడం ఇక లేదని డాక్టర్లు చెప్పారు, అతనూ ఒప్పుకున్నాడు. కానీ మరుసటి ఏడు వేట ఆపిన రోజులు వచ్చేసరికి, వసారాలో సముద్రం వైపు కూర్చుని, అందరి వలలూ కుట్టేవాడయ్యాడు. నెమ్మదిగా కుట్టేవాడు. అతని ముడి ఊడదని జనం ఆగి మరీ కుట్టించుకునేవారు.

ఆ ఏడు వరి కోతలయ్యాక గ్లోరీకి పెళ్ళి కుదిరింది. వరుడు ప్రకాష్‌ది గజపతినగరం, గ్లోరీ తన ఉద్యోగమూ అక్కడికే మార్చుకుంది. పెళ్ళికి ముందు ఆదివారం నరసన్నపేట చర్చిలో కోతల పండగ. పండిన పంటలో కొంత దేవుడికి తెచ్చి ఇస్తారు, ఆరాధనయ్యాక వాటిని వేలం వేస్తారు. ఆ మాట గ్లోరీ ఎప్పుడో చెబితే అప్పలసూరి గుర్తుపెట్టుకున్నాడు.

గుమ్మడికాయలూ అరటిగెలలూ కాళ్ళు కట్టిన కోళ్ళూ వరికంకులూ ఉన్నచోటికి, ఐసు కారుతున్న పెట్టె గంగులు నెత్తిమీద పెట్టించి, భార్యతో సహా దిగాడు. పెట్టెలో గంగులు బోటుకి పడిన వంజరం, చెయ్యంత పొడుగు. జ్ఞానసుందరి ఎదురొచ్చి, "రండి అన్నయ్యా" అని ముందు వరసలో చాప చూపించింది. పాల్ పాస్టరుగారు ఒక మాట చెప్పమన్నారు.

కర్ర ఆనించుకుని లేచాడు. "నాకు మాటాడ్డం రాదు బాబూ. మా గంగమ్మకి దణ్ణమెట్టుకునే వచ్చాను, మీ దేవుడికీ దణ్ణమెడతాను. ఆటోలో నన్నేసుకెల్లిన మా బావకి దణ్ణం. నాకు సేసిన సాకిరీ ఒక్కనాడూ ఎత్తిసూపని ఇదిగో ఈ మడిసికి దణ్ణం. గ్లోరమ్మ సంగతి సెప్పబోతే నాకు ఏడుపొస్తాది, సెప్పను. ఆ పోనులో సుక్క సేపని సేసినోడెవుడో, ఏ దేశపోడో, ఆడికీ దణ్ణం. మా పల్లెలో ఒక ముసిలోడి బొటనేలు దాంతో ఆడతాదని ఆడు అనుకోని ఉండడు. ఆడికెవురైనా సెప్పండి."

జనం నవ్వారు, కొందరు కళ్ళు తుడుచుకున్నారు. గ్లోరీ ఆ రెండూ చేసింది.

వేలంలో వంజరం జ్ఞానసుందరికి దక్కింది. పెళ్ళివారికి పంపుతుందనుకున్నారంతా. ఆవిడ చర్చి ఆవరణలోనే కత్తిపీట వేసుకుని, వచ్చినవాళ్ళందరికీ వండుతానని కూర్చుంది. రెండు ముక్కలు కోసేసరికి కూర్మమ్మ ఉండబట్టలేకపోయింది.

"అలా నరికెయ్యకు వదినా, ముల్లు ముక్కలైపోతాది! లెగు, నాను కోస్తాను" అని ఆవిణ్ణి పక్కకి నెట్టి తనే కూర్చుంది. గ్లోరీ ఉల్లిపాయలు తెచ్చి పక్కన చతికిలబడింది. పొయ్యి రాజుకుంది. కొంచెం ఎడంగా కుర్చీలో కూర్చున్న అప్పలసూరి, పల్లెలో పెద్దలకే దక్కే ముక్క ఎవరికో తేల్చేస్తూ, అందరికీ వినబడేలా కేకేశాడు.

"తలకాయ ముక్క పాస్టరుగారికెయ్యండి!"