పాషా చెవికి అందని చప్పుడు

ములకలపల్లిలో రేకు పెట్టెలు చేసే అహ్మద్ పాషాతో రహస్యం చెప్పి బాగుపడినవాడు లేడు. నలభై ఏళ్లు రేకు మీద సుత్తి వేసి వేసి ఆయన చెవులు మందగించాయి. తనకు వినపడనిది ఎదుటివాళ్లకూ వినపడదనుకుని అరిచి మాట్లాడతాడు. ఎవరింటి పెళ్లి సంగతైనా ఆయన చెవిన వేస్తే బజారంతటికీ కబురు వెళ్లినట్టే.

దుకాణం ముందు, ఇల్లు వెనక. మనవరాలు తబస్సుం పుట్టినప్పటి నుంచీ ఆ మోతలోనే నిద్రపోతోంది. ఐదో నెలలో ఒకరోజు కోడలు సుమేరా ఆటకని పిల్ల వెనక నిలబడి పళ్లెం మీద గరిటెతో కొట్టింది. పిల్ల తిరగలేదు. గట్టిగా కొట్టినా తిరగలేదు, వేలు చీకుతూ ఉండిపోయింది.

 తన సుత్తే పిల్ల చెవులను పాడుచేసిందని పాషా తీర్మానించుకుని దుకాణం మూసేశాడు. మూడు రోజులు ముద్ద దిగలేదు. పెట్టె కోసం వచ్చినవాళ్లను చేతి సైగతోనే పంపేశాడు.

సంగతి తెలిసి అంగన్‌వాడీ టీచర్ నిర్మలాదేవి వచ్చింది. సోమవారం దవాఖానాలో చెవి పరీక్ష చేయిద్దామంది. ఈలోగా పళ్లేలు మోగించడం మాత్రం మానమంది. రోజంతా సుత్తి మోత విన్న పిల్ల గరిటెను లెక్కచేస్తుందా?

"చాచా, పిల్లను ఒళ్లె కూసోబెట్టుకోండ్రి. చిన్న సప్పుడుతోని ఆడిద్దాం," అంది.

సుమేరా ఎండిన మోదుగాకు విస్తరి ఒకటి తెచ్చి, పిల్ల కుడిచెవి వెనక వేళ్లతో మెల్లగా నలిపింది. తబస్సుం చీకడం ఆపింది. తల తిప్పి చూసింది. ఎడమవైపు నలిపితే అటు తిరిగి, నవ్వి, ఆకు కోసం చేయి చాచింది. సుమేరా ఏడ్చేసింది. సోమవారం పరీక్షలోనూ రెండు చెవులూ బాగున్నాయనే తేలింది. ఆ మోత పిల్లకు మంచిది కాదని టీచర్ చెప్పడంతో పాషా సుత్తినీ దిమ్మెనూ వీధి చివరి షెడ్డుకు మార్చాడు.

కానీ విస్తరి నలిపిన ఆ పూట మాత్రం పిల్ల దేనికి తిరిగిందో ఆయనకు అర్థం కాలేదు. విస్తరి తీసుకుని తన చెవి దగ్గర పెట్టి నలిపి చూశాడు. మరోసారి నలిపాడు. తర్వాత పిల్ల చెవి దగ్గర నలిపితే అది చటుక్కున తిరిగి ఆకు పట్టుకుంది. పాషా కళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

"నాకైతే ఇనబడుతలేదు టీచరమ్మా," అన్నాడు. "దానికి ఇనబడ్డది."