కోట నుంచి తెచ్చిన గుర్రం

కరీంనగర్‌లో నేను చరిత్ర లెక్చరర్‌ని. పాత కట్టడాల దగ్గర దొరికినవి ఎక్కడివక్కడే ఉండాలని ఏటా పిల్లలకు గొంతు చించుకుని చెబుతాను. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, తర్వాత చెప్పడానికి నోరు రాదు.

జైనూర్ అవతలి గుట్టల్లో గోండుల పాత కోట ఉందని విని, చలికాలం సెలవుల్లో బయలుదేరాను. దారి చూపడానికి గుట్ట కింది గూడెం నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. అరవై దాటిన గోండు రైతు. నా కొత్త బూట్ల వైపు చూసి, రెండు రోజులు ఎక్కాలి అన్నాడు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. రోజూ పొద్దున గ్రౌండ్ చుట్టూ పది రౌండ్లు కొడతానని చెప్పాను. ఆయన తలాడించి ముందు నడిచాడు.

మధ్యాహ్నానికే ఆ పౌరుషం దిగిపోయింది. వాగులో రెండుసార్లు జారిపడ్డాను. మర్నాడంతా నిలువు గుట్ట. ఆయన కాస్త ఎక్కి, నా కోసం ఆగి బీడీ వెలిగించుకునేవాడు. నేను రొప్పుతూ చేరేసరికి ఆర్పేసి లేచేవాడు. ఏమీ అననందుకే ఆయన మీద కోపం వచ్చేది.

కోటలో మిగిలింది నడుమెత్తు గోడలు, పూడిన బావి, ఒక రాతి గుమ్మం. గుమ్మం బయటే ఆయన చెప్పులు విడిచాడు. లోపల వాళ్ల పెద్దల పేరిట నిలిపిన రాళ్లు, వాటి ముందు మొక్కుకుని పెట్టిన చిన్న గుర్రపు బొమ్మలు ఉన్నాయి.

"గీడికెల్లి మేం ఎండుపుల్ల గూడ తీస్కపోం సారూ," అని చెప్పి, నీళ్లు వెతకడానికి కిందికి దిగాడు.

ఒక్కణ్ణే మిగిలాను. జానెడు రాతి గుర్రం ఒకటి తీసి, తువ్వాలులో చుట్టి బ్యాగు అడుగున పెట్టాను. ఇంత కష్టపడి ఎక్కినందుకు నాకేదో దక్కాలనిపించింది, అంతే. పరిశోధన కోసమన్న సాకు తర్వాత అల్లుకున్నదే.

దిగేటప్పుడు నా మోకాలు పట్టేసింది. ఆయన నా బ్యాగు తన వీపున వేసుకున్నాడు. వద్దనాలి, అనలేదు. వాళ్ల గుర్రాన్ని ఆయన వీపు మీదే దింపించాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

సగం దారిలో ఆగినప్పుడు ఆయన బ్యాగును చేత్తో తూచి చూశాడు.

"తిండంత ఒడ్సింది, బరువైతే తగ్గలే," అన్నాడు.

తడి బట్టలన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఏ చొక్కా ఏ వాగులో తడిసిందో కూడా చెప్పుకొచ్చాను. ఆయన కాసేపు నా మొహంలోకి చూశాడు. ఆ తర్వాత బ్యాగును ఎక్కడా నేల మీద దించలేదు. కూర్చుంటే ఒళ్లో పెట్టుకున్నాడు, నీళ్లు తాగేటప్పుడు కొమ్మకు తగిలించాడు. మొక్కిన వస్తువు చోటు కదిలితే నేలకు తగలకూడదు కదా. ఆయనకు తెలిసిపోయిందని నాకు తెలిసింది. అడిగితే ఇచ్చేసేవాణ్ణి. చదువు చెప్పే సారును దొంగా అనడానికి ఆయనకు నోరు రాలేదు. తీసి చేతిలో పెట్టి తప్పయిందనడానికి నాకు గూడెం దాకా దారంతా ఉంది. నేనూ నోరు విప్పలేదు.

జైనూర్‌లో బస్సెక్కుతుంటే బ్యాగును రెండు చేతులతో అందించాడు.

"ఇంటికి పోయినంక జర కింద పెట్టకుండ్రి సారూ."

పెట్టనన్నాను. ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూడకుండా కూర్చున్నాను. ఆసిఫాబాద్‌లో బస్సు మారాలి. దిగేసరికి జైనూర్ వెళ్లే బస్సు పక్కనే ఆగి ఉంది, సీట్లన్నీ ఖాళీ. నేను కరీంనగర్ వైపు బస్సే ఎక్కాను.