అన్నమ్మగారి వాయిదా

దేవదానం రేపల్లెలో కాలవల ఆఫీసు గుమాస్తా. అతని భార్య రూతు బాపట్లలో పిల్లలకు లెక్కలు చెబుతుంది. కాపురం మాత్రం తెనాలిలో. రేపల్లె రైలు ఒకవైపు, బాపట్ల రైలు ఒకవైపు పోతాయి గనక కష్టం ఇద్దరికీ సమానంగా ఉంటుందని ఆ ఊరు ఎంచుకున్నారు. పొద్దున్నే ఒకే స్టేషనుకు వెళ్లి చెరో రైలు ఎక్కేవాళ్లు. సాయంత్రం ముందు దిగినవాళ్లు రెండోవాళ్ల కోసం ప్లాట్‌ఫారం బల్ల మీద కూర్చునేవాళ్లు. ఇంట్లో దేవదానం తండ్రి కోటయ్య, కూతురు ప్రమీల ఉంటారు కాబట్టి, పదకొండేళ్ల కాపురంలో ఆ దంపతులు చాటుగా మాట్లాడుకోవాల్సినవన్నీ ఆ బల్ల మీదే మాట్లాడుకున్నారు.

ఇంటి అప్పు సంగతి కూడా అక్కడే మొదలైంది. అది తొంభై రెండో సంవత్సరం, వానాకాలం. ఇంటివాళ్లు మాఘమాసంలో కొడుకు పెళ్లి పెట్టుకున్నారు, అప్పటికల్లా ఖాళీ చెయ్యమన్నారు. ఇంకో ఇల్లు వెతకాలి. తెనాలిలో ఇల్లు అద్దెకివ్వబడును అని అట్టలు చాలాచోట్ల వేలాడేవి. వీళ్లు వెళ్లి పేర్లు చెప్పేసరికి ఆ ఇల్లు నిన్ననే ఎవరికో ఇచ్చేసి ఉండేవాళ్లు. అట్ట తీయడం మరిచిపోయి ఉండేవాళ్లు. ఆ వారం మళ్లీ అటు వెళ్తే అట్ట అక్కడే ఉండేది. ఊళ్లో ఇంతమందికి ఒకేసారి ఇంత మతిమరుపు ఎలా వచ్చిందా అని దేవదానం ఆశ్చర్యపోయేవాడు. రూతు ఆశ్చర్యపోయేది కాదు.

ఒకరోజు ఆమె బల్ల మీద కూర్చోకుండానే చెప్పింది. "ఏవండీ, కాలవ అవతల చలపతిరావుగారని రిటైరైన గార్డుగారు ఇల్లమ్ముతున్నారంట. మూడు గదులు, బావీ. పేరడిగారు, చెప్పాను. ఎప్పుడొచ్చి చూసుకుంటారమ్మా అన్నారు."

"ఎంతంట?"

"లక్షా తొంభై. లక్షా అరవై బ్యాంకిస్తుంది. మిగతాది నా పీఎఫ్‌లోంచి తీస్తాను. నెలకి పద్దెనిమిది వందలు, ఇరవై ఏళ్లు కట్టాలి. ఇల్లు వాళ్లకి తనఖా ఉంటది."

దేవదానం లేచి కుళాయి దగ్గరికెళ్లి నీళ్లు తాగొచ్చాడు. ఇద్దరి జీతాలూ కలిపినా నాలుగు వేల నాలుగు వందలు. పైగా కొన్నరోజే తాకట్టు పెట్టడమేమిటి? సొంతిల్లని సంతోషించడానికి మధ్యలో ఒక్క పూట కూడా ఇవ్వరా?

అతని భయానికి కారణం వేరే ఉంది. కోటయ్య పెళ్లి కోసం పిట్టలవానిపాలెం వైపు ఒక పెద్ద రైతు దగ్గర మూడు వందలు తీసుకున్నాడు. ఆ మూడు వందలకూ పాలేరుగా ఉన్నాడు. ఏటా ఉగాదికి రైతు లెక్క చూసేవాడు. పోయిన గొడ్డలి, జ్వరమొచ్చి రాని రోజులు, పండక్కిచ్చిన పంచె అన్నీ కలిపి, కోటయ్య బొటనవేలికి సిరా పూసి కొత్త కాగితం మీద వేయించుకునేవాడు. దేవదానం బాపట్లలో మిషన్ హాస్టల్లో చేరి, చదువు ముగించి, ఉద్యోగం వెతుక్కునే దాకా ఆ బాకీ క్షేమంగానే ఉంది. ఆఖరికి రైతు పోయాక కొడుకులు ఆస్తి పంచుకున్నారు. కోటయ్య ఎవరి వాటాకి వస్తాడో ఎంతకీ తేలలేదు. విసుగెత్తి కాగితం చించేశారు. అలా తీరింది ఆ అప్పు. అప్పటినుంచి దేవదానం కిరాణా కొట్లో కూడా అరువు పెట్టలేదు. ఇంటి అప్పు మాట తండ్రి చెవిన పడితే ముసలాయన గుండె ఆగిపోతుందని అతని నమ్మకం.

రూతు లెక్కల టీచరు. "అనుకుంటూ కూర్చుంటే తెలవదండీ. ఆ పద్దెనిమిది వందలూ ఆరు నెలలు కట్టి చూద్దాం" అంది.

"ఎవరికి?"

"అన్నమ్మ పెద్దమ్మకి."

అన్నమ్మ రూతుకి పెద్దమ్మ. ముప్పై ఏళ్లు ఊరూరా నడిచి బైబిలు బోధించి, రిటైరై సంగం జాగర్లమూడిలో ఒంటరిగా ఉంటోంది. బ్యాంకులో దాచుకుంటే వీళ్లే తీసేసుకుంటారు. అన్నమ్మ ట్రంకుపెట్టెలో పడ్డ రూపాయి మాత్రం పునరుత్థానం దాకా బయటికి రాదు. చలపతిరావుగారికి అయిదు వేలు బయానా ఇచ్చి ఉగాది దాకా గడువు తీసుకున్నారు. ఇంటివాళ్లని కూడా బతిమాలి అప్పటిదాకా ఉండటానికి ఒప్పించారు. తర్వాత సంగం జాగర్లమూడి వెళ్లి అన్నమ్మకు విషయం చెప్పారు.

"నువ్వే మా బ్యాంకు పెద్దమ్మా. మేమొచ్చి కాళ్లావేళ్లా పడ్డా ఇవ్వొద్దు. అయిదో తారీఖు దాటితే ఊరుకోవద్దు" అంది రూతు.

"మాటేనా?" అంది అన్నమ్మ.

"మాటే అత్తయ్యా" అన్నాడు దేవదానం. తర్వాత అతను చాలాసార్లు తలుచుకున్న మాట అది.

సెప్టెంబరు నుంచి కట్టడం మొదలుపెట్టారు. పేపరు మానేశారు. చేపలు ఆదివారానికే పరిమితమయ్యాయి. కొన్నాళ్లకి ఆదివారం నుంచి కూడా తప్పుకున్నాయి. చర్చికిచ్చే దశమభాగం పూర్తి జీతం మీద తియ్యాలా, వాయిదా పోగా మిగిలినదాని మీద తియ్యాలా అన్నది బల్ల మీద చాలా సాయంత్రాలు నడిచింది. "దేవుడేమన్నా ట్రెజరీ ఆఫీసరా అండీ, కోతలు పోను చూసుకోడానికి?" అని రూతు తేల్చేసి, పూర్తి జీతం మీదే తీసింది. ఒక నెల ఒకరోజు ఆలస్యమైతే అన్నమ్మ పది రూపాయలు జరిమానా పట్టి చర్చి చందాలో వేసింది. రసీదివ్వలేదు. అయినా సంక్రాంతి నాటికి ఆఖరిది తప్ప అన్ని వాయిదాలూ కట్టేశారు. దేవదానం ముఖంలో కాస్త ధైర్యం కనిపించడం మొదలైంది. అంతలో కోతపండుగ వచ్చింది.

కోతపండుగకి సంఘంలో ప్రతివాళ్లూ తమ ఇంట పండిందో, పెరిగిందో తెచ్చి దేవుడికిస్తారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం పాడతారు. డబ్బు చర్చికి. అక్కడ వస్తువు ధర చూసి పాడేవాళ్లుండరు, పక్కవాడి ముఖం చూసి పాడతారు. ఆ ఏడు ఒక గుమ్మడికాయ దగ్గర రైల్వే గ్యాంగు మేస్త్రీ మార్కు పాతిక రూపాయలని పాడి, వెనక్కి తిరిగి, "దేవదానంగారు పాడర్లే అండి. ఈమధ్య ఆయన చేపల బజారు వైపే రావట్లేదు" అన్నాడు. ఆడవాళ్ల వైపు నుంచి నవ్వు వినపడింది.

దేవదానం యాభై అన్నాడు. మార్కు అరవై అన్నాడు. ఆ తర్వాత ఏం జరిగిందో దేవదానానికి సరిగా గుర్తులేదు. రూతుకి మొత్తం గుర్తుంది. పాట మూడు వందల దగ్గర ఆగింది. ముందు వరసలో కూర్చున్న కోటయ్య ఆ అంకె విని ఒకసారి దగ్గాడు. ఆయన పెళ్లి మొత్తం అంతలో అయిపోయింది మరి.

ఆ గుమ్మడికాయ వారం రోజులు తిన్నారు. పులుసు, కూర, మళ్లీ పులుసు. ఆఖరి వాయిదాకి పదిహేను వందలే మిగిలాయి. దేవదానం అవి పట్టుకుని సంగం జాగర్లమూడి వెళ్తే అన్నమ్మ లెక్కపెట్టి తిరిగి చేతిలో పెట్టింది. "బ్యాంకు ముక్కలు తీసుకుంటదా అల్లుడూ?"

"మా డబ్బే కదా అత్తయ్యా."

"మీ డబ్బయితే మీ దగ్గరే ఉంచుకోండి. బాకీ అయితే పూర్తిగా తెండి."

అయిదో తారీఖు దాటింది. శనివారం పొద్దున దేవదానం కిటికీలోంచి చూస్తే వీధి మలుపులో అన్నమ్మ నల్ల గొడుగు కనిపించింది. రూతు కూరల బజారుకెళ్లింది. ఆఫీసులో నలుగురికి ఫైళ్లు సర్దే మనిషి, జన్మలో ఒకరి దగ్గర రూపాయి అప్పు తీసుకోనివాడు, "నేను లేనని చెప్పమ్మా" అని ప్రమీలతో చెప్పి పడగ్గది తలుపు వెనక నిలబడ్డాడు. ప్రమీల వెళ్లి, "నాన్న లేనని చెప్పమన్నాడు" అంది.

అన్నమ్మ అరుగు మీద కూర్చుని కళ్లు మూసుకుని వీధంతా వినపడేలా ప్రార్థన మొదలుపెట్టింది. "ప్రభువా, మాటిచ్చి తప్పినవాళ్లని క్షమించు. తారీఖు దాటినవాళ్లకి బుద్ధి దయచెయ్యి." ఎదురింటివాళ్లు గుమ్మంలోకి వచ్చారు.

పెరట్లో చిక్కుడుకాయలు ఒలుస్తున్న కోటయ్యకి ఆ మాటలు వినిపించాయి. ఎంత, ఎందుకు అని ఆయన ఎవర్నీ అడగలేదు. గబగబా వాకిట్లోకి వచ్చాడు. తలుపు సందులోంచి దేవదానం చూస్తూనే ఉన్నాడు. ముసలాయన అరుగు దిగి నేల మీద నిలబడి, భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. పదకొండేళ్లుగా చెల్లెమ్మా అని పిలుస్తున్న మనిషి ముందు నడుం వంచాడు.

"అమ్మగారా, పిల్లోడు బయటికెళ్లాడండి. ఒక్క నెల గడువియ్యండి. ఈలోగా నేనేదన్నా పనికి కుదురుకుంటానండి."

అన్నమ్మ ప్రార్థన ఆమెన్ లేకుండానే ఆగిపోయింది. కళ్లు తెరిచి చూసి లేచి నిలబడింది. "అన్నయ్యా, పైకి రా. ముందా తువ్వాలు భుజానేసుకో. నీకు దణ్ణం పెడతాను" అంది. దేవదానం తలుపు వెనక నుంచి వచ్చాడు. తండ్రి ముఖం చూడలేకపోయాడు. చిన్నప్పుడు ఉగాది రోజున రైతు గుమ్మం ముందు చూసిన మనిషే ఇప్పుడు తన గుమ్మం ముందు నిలబడ్డాడు. ఆయన్ని అక్కడ నిలబెట్టింది తనే. అతనికి అంత సిగ్గు ఎన్నడూ కలగలేదు.

రూతు వచ్చాక విషయమంతా కోటయ్యకి చెప్పారు. ఆయన శ్రద్ధగా విన్నాడు. "మన డబ్బు మనకే బాకీనా?" అని ఒక్కటే అడిగాడు. అవునన్నారు. చదువుకున్నవాళ్లు కదా అనుకున్నట్టుగా తలూపి చిక్కుడుకాయల దగ్గరికి వెళ్లిపోయాడు.

సోమవారం సాయంత్రం బల్ల మీద దేవదానం, "ఇల్లొద్దు రూతూ" అన్నాడు.

"లెక్క సరిపోయిందండీ. గుమ్మడికాయ ఒక్కటే తేడా."

"లెక్క కాదు. నాన్నని చూశాను."

రూతు ఒళ్లోని సంచి తీసి బల్ల మీద పెట్టింది. "సరే. ఈసారి అద్దె ఇల్లడగడానికి మీరే వెళ్లండి. నేను వెళ్లను. నా పేరు మళ్లీ మళ్లీ చెప్పలేనింక" అంది. ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

ఆ రాత్రి అన్నాలయ్యాక కోటయ్యే కదిపాడు. "ఒరే, ఆ బ్యాంకప్పు ఎన్నాళ్లు?"

"ఇరవై ఏళ్లు నాన్నా. నేను రిటైరయ్యే ఏడు తీరుద్ది. అయినా వద్దనుకున్నాంలే."

"తీరే తారీఖు రాస్తారా?"

"రాస్తారు."

"ముందే?"

"ముందే."

"మధ్యలో పోయిన గొడ్డలి, అదీ ఇదీ కలపరా?"

"కలపరు."

కోటయ్య చెంబులో మిగిలిన నీళ్లు తాగాడు. "తారీఖున్న అప్పు నేనెప్పుడూ చూళ్లేదురా. నన్ను తీసకపో, చూస్తాను" అన్నాడు.

ఉగాదికి ముందు వారం బ్యాంకుకు ముగ్గురూ వెళ్లారు. అన్నమ్మ డబ్బు గుడ్డలో మూటగట్టి అంతకుముందే ఇచ్చేసింది. ఆఖరి వాయిదాకి తక్కువైన మూడు వందలూ తనే వేసింది, మళ్లీ వసూలు చేస్తానని చెప్పి మరీ. మేనేజరు నరసింహారావుగారు కుర్చీ చూపించి, "కూర్చోండి పెద్దాయనా" అన్నారు. కోటయ్య కుర్చీని చేత్తో ఒకసారి నొక్కి చూసి, అంచున కూర్చున్నాడు. తువ్వాలు భుజం మీదే ఉంది. తారీఖు ఎక్కడుందో చూపించమన్నాడు. దేవదానం వేలు పెట్టి చూపించాడు. చదువురాని కోటయ్య ఆ అంకెల మీద తన చూపుడువేలు ఆనించి, అవి ఎక్కడికన్నా జరుగుతాయేమోనన్నట్టు కొడుకూ కోడలూ సంతకాలు పెట్టేదాకా అలాగే ఉంచాడు.

సంతకాలయ్యాయి. మేనేజరు కాగితాలు సర్దుకుంటూ తలెత్తి చూస్తే, సిరా పూసిన దిండు వైపు కోటయ్య ఎడమచేతి బొటనవేలు చాచి ఉంది.

"మీరు వెయ్యక్కర్లేదండి పెద్దాయనా. మీకేం బాకీ లేదు" అన్నారాయన.

కోటయ్య కొడుకు వైపు చూశాడు. దేవదానం అవునన్నట్టు తలూపాడు. ముసలాయన బొటనవేలు వెనక్కి తీసుకుని, సిరా అంటకపోయినా, తువ్వాలుతో బాగా తుడుచుకున్నాడు.