కైఫియత్ గడి

ఆదిలాబాద్ జిన్నింగు మిల్లులో మా మున్షీ మహమూద్ సాబ్‌ది ఒక చిత్రమైన పద్ధతి. పని అడగడానికి వచ్చిన వాళ్లను ముందు కూర్చోబెట్టి, తాగడానికి నీళ్లిచ్చి, ఒంట్లో ఎలా ఉందో, ఇంట్లో ఎలా ఉందో మెల్లగా కనుక్కునేవాడు. విన్నదంతా హాజరు పుస్తకం చివరి గడిలో ఉర్దూలో రాసుకునేవాడు. ఆ గడి పేరు కైఫియత్. దాన్ని బట్టే ఎవరికి ఏ పని ఇవ్వాలో తేల్చేవాడు. నేనేమో ఎదుటివాళ్ల సంగతులంటే చెవి కోసుకునే రకం. ఉర్దూ రాకపోవడం నా ఖర్మ.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి యేడు కొత్త మేనేజరు వచ్చాడు. పుస్తకమంతా తెలుగులో రాయించి గేటు గోడకు అంటించమన్నాడు. ఎవరి వివరాలు వాళ్లు చూసుకుని తప్పులుంటే చెప్తారట. మనసు మంచిదే, బుర్రే పనిచేయలేదు.

ఆ సాయంత్రం పత్తి ఏరే గంగుబాయి మున్షీ దగ్గరికి ఉరికొచ్చింది. నేను అక్కడే ఉన్నాను.

"సాబ్, గా ముచ్చట నీ ఒక్కనికే చెప్పిన. గోడకెక్కితె రేపటిసంది నా పక్కన ఎవ్వరు కూసుంటరు?"

"ఫికర్ చెయ్యకు బాయి, ఇంటికి పో" అన్నాడాయన.

ఏమిటా ముచ్చట? రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు.

తెల్లవారి, నా దస్తూరి బాగుంటుందని మున్షీ నన్నే రాయడానికి పిలిచాడు. ఆయన చదువుతాడు, నేను తెలుగులో రాస్తాను. లోలోపల ఎగిరి గంతేశాను. పేరు, వయసు, ఊరు అన్నీ చదివి, చివరి గడికి వచ్చేసరికి అందరికీ ఒకటే చెప్తున్నాడు: "క్షేమం." గంగుబాయి వరుసలో రాత గడి నిండి పక్క గడిలోకి కూడా పాకింది.

"క్షేమం, రాయి."

"గింత రాతకు గొక్క మాటేనా సాబ్?"

"కైఫియత్ అంటె ఎట్లున్నవని అడుగుడే గదా. ఎవరడిగినా మంచిగున్నమనే చెప్తం."

"నాకు జర చెప్పరాదు? ఎవ్వరికి చెప్ప."

ఆయన కోపపడలేదు. రెండు పేజీలు తిప్పి ఒక వరుస మీద వేలు పెట్టాడు.

"గిది నీది పర్శరాములు. ఏం రాయాలె?"

నాకు మూర్ఛ వస్తుందని, చాందా మిల్లులో అందుకే తీసేశారని ఏడేళ్ల కింద ఆయనకు చెప్పుకున్నాను. మిషన్ల దిక్కు పంపకుండా నన్ను కాంటా దగ్గర కూర్చోబెట్టాడు. ఇన్నేళ్లలో ఆ మాట ఎవరి నోటా వినలేదు.

"క్షేమం" అన్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

కాగితాలు గోడకెక్కిన రోజు గంగుబాయి గేటు దగ్గర నన్ను ఆపింది.

"నాదేం రాసిండు దాదా?"

"క్షేమం."

కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మరి నీది?"

"నాది గూడ గదే."

నా ముఖంలోకి తేరిపార చూసింది. ఏదో అడగబోయి ఊరుకుంది. నేనూ అడగలేదు.