కొక్కేనికి వేలాడుతున్న ఇత్తడి బిళ్ల

"రేపు పొద్దుగాల స్టోర్ తెరిచి ఎవరి బిళ్ల ఉన్నదో నీకే చూపిస్తనే" అని మా స్టోర్ కీపర్ మాటిచ్చి ఇరవై ఏళ్లు దాటింది. తెల్లారేసరికి ఫ్యాక్టరీకే తాళం పడింది. మందం కొలిచే మైక్రోమీటర్ కాజేసిన దొంగనన్న పేరు మాత్రం నాకు డోర్నకల్‌లో మిగిలింది.

ఇవాళ దీక్షా శిబిరం వాళ్లు పట్టాల మీద కూర్చుని చేసిన రైల్ రోకోలో నేనెక్కిన బండి డోర్నకల్‌లోనే ఆగిపోయింది. ఊరికే కూర్చోలేక మూతబడ్డ మా ఇంజనీరింగ్ వర్క్స్‌కు నడిచాను. కాపలా ఉండే సక్రు లోపలికి వదిలాడు. స్టోర్ తలుపు చెదలు పట్టి కూలిపోయింది.

మా దగ్గర ఎవరు పనిముట్టు తీసుకున్నా దాని కొక్కేనికి తన నంబరు బిళ్ల తగిలించాలి, తిరిగిచ్చాకే తీసుకోవాలి. మైక్రోమీటర్ కొక్కేనికి బిళ్ల ఇంకా వేలాడుతోంది. ఆ రోజు దాన్ని వాడింది నేనే, తిరిగి ఇచ్చానో లేదో నాకే అనుమానం. ఇన్నేళ్లూ ఇటు రానిది అందుకే. చిలుము తుడిచాను. నా నంబరు పద్నాలుగు. బిళ్ల మీద ఉన్నది ఒకటో నంబరు. అది స్టోర్ కీపర్‌ది.

"గీ బిళ్ల కోసం గిన్నేండ్లు ఆగినవా బాపూ? తలుపు ఎన్నడో పడ్డది!" అని సక్రు నవ్వాడు. నేనూ హాయిగా నవ్వాను.

మీ ఊరి దీక్షా శిబిరంలో న్యాయం కావాలని అందరికన్నా గట్టిగా అరిచేదెవరు? మా ఊళ్లో అయితే ఆ స్టోర్ కీపర్ నర్సయ్యే.