మేనేజరు గారి దస్తూరీ

మా నాటక సమాజం మేనేజరు గారు రంగం మీద రాజు, రంగం దిగాక కూడా రాజే. పొద్దున్నే చద్దన్నం తిని, చుట్ట వెలిగించి ఉయ్యాల బల్ల ఎక్కేవారు. కింద చాప మీద సిరాబుడ్డి, కాగితాలు ముందేసుకుని నేను కూర్చునేవాణ్ణి. సాయంత్రం ఆయన పక్కన రాణిని, పొద్దున్న ఆయన కాళ్ల దగ్గర రాయసగాణ్ణి. రాజమండ్రిలో మకాం ఉన్నన్నాళ్లూ ఇదే వరస.

పిఠాపురం నుంచి నరసాపురం దాకా ఆయనకి ఉత్తరం రాయని పెద్దమనిషి లేడు. నాటకం ఆడమనేవారు, ఆడింది మెచ్చుకునేవారు, కూతురి పెళ్లికి రమ్మనేవారు, మన తెరలు తెస్తున్న పడవ కాలువలో ఇసుక మేటలో కూరుకుపోయిందని మొరపెట్టుకునేవారు. వచ్చినవన్నీ నేను చదివి వినిపించాలి. ఆయన చెబుతుంటే జవాబులు రాయాలి. జమీందార్లకి రాజు గొంతుతో చెప్పేవారు, హాలు ఇవ్వనివాళ్లకి శాపం పెట్టే ముని గొంతుతో చెప్పేవారు. ఆయనకి రాయడం రాక కాదు. రాస్తే ఇసుక మీద ఎండ్రకాయ నడిచినట్టుండేది, అంతే. అందుకని సంతకం కూడా నా చేతే పెట్టించేవారు.

"నీ చెయ్యీ నా చెయ్యీ వేరటయ్యా?" అనేవారు. అదో గౌరవం అనుకుని పొంగిపోయేవాణ్ణి. ఏం చెప్పను నా తెలివి!

నాటకం అయ్యాక జనం ఆ ఉత్తరాలు పట్టుకుని లోపలికి వచ్చేవారు. "మీ దస్తూరీ ముత్యాలు పేర్చినట్టుందండి" అనేవారు. ఆయన మీసం సవరించుకుని ఆ మెప్పు పుచ్చుకునేవారు. ఆ పక్కనే నేను జడ విప్పుకుంటూ ఉండేవాణ్ణి.

ఆ జడే నా కొంప ముంచింది. ఆ రోజుల్లో మగవాడన్నవాడు ముందుతల గొరిగించుకుని వెనక ముడి వేసుకోవాలి. నాకా వీలు లేదు, రాణికి నున్నటి నుదురేమిటి? భార్య కడుపుతో ఉంటే మగవాడు జుట్టు తీయించుకోకూడదని మన ఆచారం కదా, అందుకని నిండుగా పెరిగిన నా తల చూసి పడవలో ప్రతివాడూ నవ్వుతూ "ఇంట్లో ఎన్నో నెలండీ?" అనేవాడు. ఏం చెప్పను? నా భార్య ఇంకా కాపురానికే రాలేదు. తణుకు దగ్గర పుట్టింట్లోనే ఉంది. "జడ వేసుకునే అల్లుడింటికి మా పిల్లని పంపమండి. ఆ తల గొరిగించుకుని, ఏదైనా బళ్లో పంతులుగా చేరండి, ఆ మర్నాడే పంపుతాం" అని మామగారు తెగేసి చెప్పారు. ఆయన్ని తప్పు పట్టలేను. నాకు కూతురుంటే నేనూ అదే అందును.

అమలాపురంలో తెలుగు పంతులు కావాలని విన్నాను. ఆ బడి నడిపేది మేనేజరు గారికి ఎప్పటినుంచో ఉత్తరాలు రాసే ఒక ప్లీడరు గారు. ఎవరికీ చెప్పకుండా, నా పేరు పెట్టి, ఉన్న విద్యంతా చూపించి అర్జీ రాసి టపాలో వేశాను. రోజూ టపా కోసం కళ్లలో వత్తులు వేసుకుని చూశాను.

జవాబు వచ్చింది, కానీ మేనేజరు గారి పేరున వచ్చింది. అది దేని గురించో తెలియక, రోజూ చదివినట్టే గొంతు సవరించుకుని పైకి చదవడం మొదలుపెట్టాను.

"మీ సమాజంలో రాణి వేషం వేసే అబ్బాయి పేర అర్జీ పంపించారు. మీ దస్తూరీ నాకు తెలియదా? ఆశ్రితుల మీద మీ దయ గొప్పది. కానీ తన అర్జీ తాను రాసుకోలేనివాడు పిల్లలకి అక్షరాలు ఎలా దిద్దిస్తాడు? అయినా మీరు ఊఁ అంటే చేర్చుకుంటాను. మీ మాట నాకు కాదనరానిది. మా అబ్బాయి పోయినప్పుడు మీరు స్వహస్తాలతో రాసిన పరామర్శ ఉత్తరం, అశుభం రాసిన కాగితం చదివి చింపేయాలని ఇంట్లోవాళ్లు ఎంత చెప్పినా వినక, దేవుడి మందిరంలోనే ఉంచుకున్నాను. దాన్ని చదువుకునే బతుకుతున్నాను."

ఆ పరామర్శ నాకు బాగా గుర్తు. ఆ పూట మేనేజరు గారు వేషానికి కూర్చుంటూ "పాపం, ఏదో నాలుగు ముక్కలు నువ్వే రాసేసెయ్యి" అన్నారు. నేను ఏడుస్తూ రాశాను.

మేనేజరు గారు కోప్పడతారనుకున్నాను. చుట్ట పక్కన పెట్టి, "వెళ్లిపోదామనేనటయ్యా?" అన్నారు.

"కాపురం చేసుకోవాలనుందండి" అన్నాను.

"నువ్వెళ్తే నాకు రాణీ ఉండదు, మాటా ఉండదు. ఈ ముసలాణ్ణి నట్టేట్లో ముంచుతావా?" అని పైపంచెతో కళ్లు ఒత్తుకున్నారు. అది నటనో నిజమో ఇన్నేళ్లయినా తేల్చుకోలేదు. ఆ తరవాత మామూలు గొంతుతో, "రాసుకో" అన్నారు.

రాసుకున్నాను. "ఆ అర్జీ నేను సరదాకి రాసిన పరిహాసం. మా వాడు సమాజం వదిలి రాడు. మన్నించగలరు." సంతకం నేనే పెట్టాను.

అమలాపురం వెళ్లి ప్లీడరు గారి ఎదురుగా కూర్చుని నాలుగు ముక్కలు రాసి చూపిస్తే పోయేది కదా అంటారు. ఆ ఆలోచన రాకపోలేదు. పడవ రేవు దాకా వెళ్లాను కూడా. నల్లబల్ల మీద నేను అక్షరం పెట్టిన మరుక్షణం ఆయన గుర్తుపడతారు. తన కొడుకు కోసం ఏడ్చింది తన స్నేహితుడు కాదు, ఎవడో వేషగాడని తెలుస్తుంది. ఆ కాగితం ఒక్కటే ఆధారంగా బతుకుతున్న తండ్రికి ఆ మాట చెప్పే గుండె నాకు లేదు. పోనీ దస్తూరీ మార్చి రాద్దామంటే, వంకర రాత రాసేవాడికి పంతులు పని ఎవడిస్తాడు? కసితో పళ్లు నూరుకుంటూ వెనక్కి వచ్చి, సాయంత్రం మళ్లీ జడ వేసుకున్నాను.

కొన్నేళ్లకి జ్వరం వచ్చి మేనేజరు గారు పోయారు. పిల్లల్లేరు. కర్మకి నేనే కూర్చున్నాను. పదోరోజున గోదావరి ఒడ్డున మంగలి నా తల నున్నగా గొరిగేశాడు. నీళ్లలో కొట్టుకుపోతున్న జుట్టు చూసి భోరున ఏడ్చాను. దుఃఖం ఉంది, అబద్ధమెందుకు, సంతోషమూ ఉంది. మామగారు పెట్టిన రెండు షరతుల్లో ఒకటి తీరింది. ఇక బడి ఒక్కటే మిగిలింది.

ఆయన పోయిన రోజే అందరికీ నా పేరుతో కబురు రాసి పంపాను. రాయడం నా వంతే కదా. ఒడ్డు నుంచి తడిబట్టలతో ఇంటికి వచ్చేసరికి అమలాపురం నుంచి జవాబు వచ్చి ఉంది. మళ్లీ మేనేజరు గారి పేరునే.

"మీ పరిహాసం ఈసారి శ్రుతి మించింది. ఉత్తరం చూసి ఒక్క క్షణం గుండె ఆగిపోయింది. తీరా అక్షరాలు చూశాక ప్రాణం కుదుటపడింది. మీరు నిక్షేపంలా ఉన్నారని మీ దస్తూరీయే చెబుతోంది. ఎవరి పేర రాస్తే మాత్రం, నాకు తెలియదా? మా ఊళ్లో నాటకం ఎప్పుడు? వెంటనే జవాబు రాయండి."

గుండు మీద నుంచి నీళ్లు కాగితం మీదికి కారుతున్నాయి. తుడుచుకుని చాప మీద కూర్చున్నాను. సిరాబుడ్డి దగ్గరికి లాక్కుని కలం తీశాను. ఆయన నిజంగానే పోయారని నమ్మేలా రాయాలి. ఏ చేత్తో రాయను?